కుడివైపు వెనక టైర్లే ఎందుకు పేలాయి? ఒక మోటార్‌హోమ్ కేస్ స్టడీ

ఈ కేసులో నిర్లక్ష్యం చేసినవాళ్లు ఎవరూ లేరు. అందుకే రాసిపెడుతున్నాను. బండి యజమాని బయల్దేరే ముందు గాలి చూసుకునే మనిషి. వే బ్రిడ్జి మీద కాటా వేయించి, ఆ చీటీ జాగ్రత్తగా దాచుకున్న మనిషి. అయినా అయిదు నెలల తేడాలో రెండు టైర్లు పేలాయి. రెండోది పేలాక టైర్లకు గాలి, వేడి కొలిచే సెన్సర్లు కూడా పెట్టించుకున్నారు. అయినా మూడోది పేలడానికి సిద్ధంగా ఉండగా బండి టైర్ల పని చేసే నా దగ్గరికి వచ్చింది. నేను కూడా మొదటిసారి కారణం సగమే పట్టుకున్నాను. మనుషుల్ని, బండిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

వ్యాన్ ఛాసిస్ మీద కట్టిన మోటార్‌హోమ్ అది, అంటే లోపల ఇల్లులా ఉండే బండి. ముందు రెండు టైర్లు, వెనక ఒక్కో వైపు జోడు టైర్లు, మొత్తం ఆరు. సైజు ఎల్‌టీ 225/75 ఆర్16, లోడ్ రేంజ్ (టైర్ ఎంత బరువు మోయగలదో చెప్పే తరగతి) ఇ. రిటైరైన దంపతులు సెకండ్ హ్యాండ్‌లో కొని రెండేళ్లు దాటింది. ఏడాదిలో నాలుగైదు నెలలు తిరుగుతారు, మిగతా కాలం బండి ఉన్నచోటే ఉంటుంది. ఆయన్ని ఇక్కడ పెద్దాయన అంటాను. ఆవిడ బండి నడపరు కానీ, పక్క సీట్లో కూర్చుని నోట్‌బుక్ రాస్తారు. ఎన్నింటికి బయల్దేరారు, ఎంత డీజిల్ పోయించారు, ఏ టైర్‌లో ఎంత గాలి ఉంది, అన్నీ. చివరికి ఈ కేసు తేలింది ఆ నోట్‌బుక్ వల్లే.

గాలి ఎంత పెట్టాలన్నది పెద్దాయన ఉజ్జాయింపుగా తేల్చలేదు. సామానంతా సర్దుకుని, నీళ్ల ట్యాంకు నింపుకుని వెళ్లి వెనక యాక్సిల్‌ని (ఇరుసుని) కాటా వేయించారు. 3,860 కిలోలు వచ్చింది. నాలుగు టైర్లకి పంచితే తలా 965. ఈ టైర్ జోడులో ఉన్నప్పుడు 65 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర 975 కిలోలు, 80 దగ్గర 1,120 కిలోలు మోస్తుందని లోడ్ టేబుల్‌లో ఉంటుంది. అందుకని 65 పెట్టారు. చేతిలో ఉన్న అంకెతో చూస్తే ఆ లెక్కలో తప్పు లేదు. ఆ టేబుల్ తీసి చూసేవాళ్లే తక్కువ.

ఏం జరిగింది

మొదటిది ఎండాకాలం మధ్యాహ్నం, హైవే మీద సుమారు 90 కిలోమీటర్ల వేగంలో జరిగింది. కుడివైపు వెనక, లోపలి టైర్. ట్రెడ్ (రోడ్డుని తాకే గాళ్ల పొర) ముక్క పైకి లేచి ఫ్లోర్ కింది వైరింగ్‌ని, డ్రెయిన్ పైపుని లాగేసింది. జోడులో రెండో టైర్ నిలబడే ఉంది కదా అని నెమ్మదిగా 11 కిలోమీటర్లు నడిపి గ్యారేజీకి చేరారు. అక్కడ పేలిన టైర్ ఒక్కటీ మార్చి, 'రోడ్డు మీద ఏదో గుచ్చుకుని ఉంటుంది' అని పంపేశారు.

అయిదు నెలల తర్వాత రెండోది. ఈసారీ కుడివైపే, కానీ బయటి టైర్. 'ఆ కంపెనీ టైర్లు నిలబడవు' అన్న మాట విని కుడివైపు జోడు రెండూ వేరే కంపెనీవి వేయించారు.

ఆ రెండోదాన్ని విడి ప్రమాదంగా చూడటం దగ్గరే దారి తప్పింది. జోడులో ఒకటి పోయిన క్షణం నుంచి రెండోది ఇద్దరి బరువూ మోస్తుంది. 11 కిలోమీటర్ల పాటు ఆ బయటి టైర్ తన సత్తాకి దాదాపు రెట్టింపు మోసింది. చక్రం తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ (టైర్ పక్క గోడ) నలిగింది, లోపల వేడెక్కింది, రబ్బరుకీ దారాలకీ మధ్య పట్టు వదిలింది. పైకి మాత్రం గీత కూడా కనపడదు. ఆ రోజే దాన్ని రిమ్ నుంచి విప్పి లోపల చూసి ఉంటే, అయిదు నెలల తర్వాత పేలే అవకాశమే ఉండేది కాదు.

వాళ్లు చేసి చూసినవి

రెండోసారి తర్వాత పెద్దాయనకి సహజంగానే టెన్షన్ పట్టుకుంది. రెండు పనులు చేశారు. రెండూ మంచి ఉద్దేశంతో చేసినవే. రెండూ ఎదురు తిరిగాయి.

మొదటిది, దారిలో ఆగిన ప్రతిచోటా గాలి చూడటం. పొద్దున 65 పెట్టిన టైర్ రెండు గంటల ప్రయాణం తర్వాత 74 చూపిస్తే భయపడి 65కి దించేవారు. నడిచిన టైర్‌లో గాలి పెరగడం మామూలే. వేడికి 27 డిగ్రీల టైర్ 60 డిగ్రీలు దాటితే 65 కాస్తా 74 అవుతుంది. టేబుల్‌లో ఉన్న అంకెలన్నీ చల్లటి టైర్‌వి, అంటే కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న టైర్‌వి. వేడి మీద 65కి దించిన టైర్ మర్నాడు పొద్దున్నకి 57కి వస్తుంది. ఆవిడ నోట్‌బుక్‌లో అలాంటి రోజులు నాకు ఆరు కనిపించాయి. కొన్నిసార్లు పొద్దున చూసుకుని మళ్లీ నింపుకున్నారు. కొన్నిసార్లు నిన్ననే చూశాం కదా అని బయల్దేరారు.

రెండోది సెన్సర్లు. వాల్వ్ మూతల స్థానంలో బిగించే రకం. లోపలి టైర్ వాల్వ్ చేతికి అందదు కాబట్టి రబ్బరు గొట్టం లాంటి ఎక్స్‌టెన్షన్ బయటికి లాగి, దాని చివర సెన్సర్ బిగించారు. అలారం ఎప్పుడు మోగాలన్నది 65 ఆధారంగా, అందులో పాతిక శాతం తగ్గితే అని సెట్ అయి ఉంది. అంటే గాలి 49కి పడిపోయేదాకా ఆ పెట్టె మాట్లాడదు. పరికరంలో లోపం లేదు. దానికి మనం అప్పజెప్పిన పని అంతే.

ఒక వారంలో మూడుసార్లు అది మోగింది. ప్రతిసారీ లోపలి కుడి టైర్‌లో 48 ఉంది. ప్రతిసారీ దారిలో గాలి నింపుకుని సాగారు. మూడోసారి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. 'కారణం తెలిసేదాకా ఎక్కను' అన్నారట. అలా నా దగ్గరికి వచ్చారు.

మొదటి పరీక్ష, సగం జవాబు

పెద్దాయన ముందుగా అడిగింది గాలి నింపమని. నేను కంప్రెసర్ దగ్గరికి వెళ్లలేదు. ఉండాల్సిన గాలిలో 80 శాతం కన్నా తక్కువతో నడిచిన టైర్‌ని మా పనిలో ఫ్లాట్‌గా నడిచిన టైర్ కింద లెక్కేస్తాం. విప్పి చూడకుండా దానికి గాలి పెట్టకూడదు. లోపల నలిగిన టైర్ గాలి ఎక్కేటప్పుడే చీలిపోవచ్చు. సైడ్‌వాల్‌లో స్టీల్ తీగలుండే టైర్లయితే జిప్పు తెరుచుకున్నట్టు వరసగా తెగుతాయి. ఆ సమయంలో పక్కన కూర్చున్న మనిషి బతకడం కష్టం. తర్వాత గాలి పెట్టాల్సి వచ్చినా టైర్‌ని ఇనుప బోనులో ఉంచి, పొడవాటి గొట్టంతో దూరంగా నిలబడి పెట్టాలి.

విప్పాను. రిమ్ నుంచి ఒక అంచు తీయగానే లోపల నుంచి నల్లటి పొడి నేల మీద రాలింది. పెన్సిల్ చెక్కితే వచ్చే పొడి లాంటిది, వేళ్ల మధ్య నలిపితే మెత్తగా అంటుకుంటుంది. అది టైర్ లోపలి పొర. సైడ్‌వాల్ అతిగా వంగి, తనని తానే రాసుకుని రాలిన రబ్బరు. చేయి లోపలికి పెట్టి చుట్టూ తడిమితే టైర్ భుజానికి (ట్రెడ్, సైడ్‌వాల్ కలిసే అంచుకి) కొంచెం దిగువన వేలెడు వెడల్పున గరుకు పట్టీ తగిలింది. లైట్ వేసి చూస్తే ఆ పట్టీ మేర రంగు మారి, సన్నటి ముడతలు కనిపించాయి. పొద్దున నింపిన గాలితో ఆ టైర్ ఇంకో రోజు నడిచేదేమో, ఇంకో గంట నడిచేదేమో చెప్పలేను. ఆ పొడి పెద్దాయన అరచేతిలో పోశాను. చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

గాలి ఎక్కడ పోతోందన్నది తేలిగ్గానే దొరికింది. ఎక్స్‌టెన్షన్ గొట్టం వాల్వ్‌కి కలిసే చోట సబ్బు నీళ్లు పూసి, గొట్టాన్ని అటూ ఇటూ కదిపితే బుడగలు వచ్చాయి. కదపకపోతే రావు. చివర సెన్సర్ బరువు వేలాడుతోంది, చక్రం తిరిగినప్పుడల్లా ఆ కీలు ఊగుతోంది. ఆగి చూస్తే లీకు ఉండదు, నడిస్తే ఉంటుంది.

కథ అతికినట్టు సరిపోయింది: గొట్టం లీకు, దానికి తోడు వేడి మీద గాలి తీసే అలవాటు. గొట్టం తీసేసి రిమ్‌కి గట్టిగా బిగిసే పొడవాటి స్టీల్ వాల్వ్ వేశాను. కుడివైపు జోడు రెండూ మార్చాను. బయటిది పైకి బాగానే ఉంది, కానీ పక్కది 48లో ఉన్నప్పుడల్లా దాని వాటా బరువు కూడా ఇదే మోసింది. చల్లటి టైర్‌కే గాలి చూడాలని చెప్పాను. కాటా చీటీ చూశాను, 3,860 కనిపించింది, 65 సరిపోతుందన్నాను. అక్కడే ఆగాను. చీటీలో ఉన్నది యాక్సిల్ మొత్తం బరువని, అది కుడి ఎంత, ఎడమ ఎంత అని చెప్పదని నాకు తెలుసు. లీకు దొరికిన తృప్తిలో ఆ ప్రశ్న వేసుకోలేదు.

రెండు వారాల తర్వాత ఫోన్

ఫోన్ చేసింది ఆవిడ. 'బాబూ, గాలి ఎక్కడా తగ్గట్లేదు. కానీ కుడివైపు రెండు టైర్లూ ఎడమ వాటికన్నా 13, 14 డిగ్రీలు వేడి ఎక్కువ చూపిస్తున్నాయి. అలారం మోగలేదు. మోగలేదు కాబట్టి ఊరుకోవచ్చా?'

ఊరుకోవద్దన్నాను. నాకు తట్టిన కారణాలు నాలుగు. ఎండ, సైలెన్సర్ వేడి, పట్టేసిన బ్రేక్, బరువు. ఖర్చు లేని వాటితో మొదలుపెట్టాను. ఎండ పడే వైపు టైర్లు కొన్ని డిగ్రీలు ఎక్కువ చూపించడం మామూలే. అందుకని తెల్లవారకముందే బయల్దేరి గంట నడిపి రాసుకోమన్నాను. తేడా అలాగే ఉంది. సైలెన్సర్ పైపు ఎడమ వైపు ఉంది, కాబట్టి అదీ కాదు. బ్రేక్ కోసం బండి రప్పించి, 20 కిలోమీటర్లు నడిపి, బ్రేక్ వాడకుండా నెమ్మదిగా ఆపి హబ్‌ల (చక్రాల మధ్య భాగాల) వేడి కొలిచాను. కుడి 61, ఎడమ 58. చక్రం జాకీ మీద లేపి తిప్పితే ఏ పట్టూ లేకుండా తిరిగింది. మిగిలింది బరువు.

ఈసారి ఒక్కో చక్రం కింద విడివిడిగా పెట్టే కాటా పలకలు తెప్పించాను. వాళ్లిద్దర్నీ సీట్లలో కూర్చోబెట్టి, నీళ్లు, డీజిల్, సామాను అన్నీ ప్రయాణంలో ఉన్నట్టే ఉంచి తూచాను. ముందు ఎడమ 960, ముందు కుడి 1,020. వెనక ఎడమ 1,670, వెనక కుడి 2,190.

కూడితే వెనక యాక్సిల్ అదే 3,860. పెద్దాయన చీటీలో ఒక్క కిలో తేడా లేదు. కానీ కుడివైపు ఒక్కో టైర్ 1,095 కిలోలు మోస్తోంది. 65 పీఎస్‌ఐలో అది మోయగలిగింది 975. బండి కొన్న రోజు నుంచీ కుడి జోడు ఒక్కో టైర్‌కి 120 కిలోలు ఎక్కువతోనే తిరిగింది. పక్కనే ఎడమ టైర్లు 835తో హాయిగా ఉన్నాయి. లీకు, వేడి మీద గాలి తీయడం, ఇవన్నీ అప్పటికే అలసిన టైర్ల మీద వచ్చి పడ్డాయి. నేను గొట్టం మార్చి పంపినప్పుడు పేలుడుని వాయిదా వేశానంతే. ఆవిడ ఫోన్ చేయకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు పాడవుతుంది.

బరువు సర్దడం

ఎక్కడి నుంచి వచ్చింది ఆ బరువు? 150 లీటర్ల నీళ్ల ట్యాంకు కుడివైపు. ఫ్రిజ్ కుడివైపు. పాత యజమాని అదనంగా పెట్టించుకున్న రెండు బ్యాటరీలు, పనిముట్ల పెట్టె కూడా కుడివైపే, వెనక యాక్సిల్‌కి మీటరున్నర వెనక. యాక్సిల్ వెనక పెట్టిన బరువు తన బరువు కన్నా ఎక్కువగా యాక్సిల్ మీద పడుతుంది, ఎందుకంటే అది ముందు చక్రాల్ని కొంచెం పైకి లేపుతుంది. ఈ బండి చక్రాల మధ్య దూరం నాలుగు మీటర్లు. ఆ లెక్కన 60 కిలోల బ్యాటరీలు వెనక యాక్సిల్ మీద 80 కిలోలకి పైగా పడుతున్నాయి.

'ఇంకా గట్టి టైర్లు వేసేయొచ్చు కదా' అని పెద్దాయన అడిగారు. ఇదే సైజులో ఎక్కువ బరువు మోసే 'సి' రకం (సరుకు వ్యాన్ల కోసం చేసే) టైర్లు ఉన్నాయి, వేయొచ్చు కూడా. కానీ టైర్ తట్టుకున్నంత మాత్రాన రిమ్, బేరింగ్, స్ప్రింగ్ మీద బరువు తగ్గదు. బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగడమూ పోదు. ముందు బరువు సర్దుదాం, ఆ తర్వాత టైర్ ఎంచుకుందాం అన్నాను. బ్యాటరీలు, పనిముట్ల పెట్టె ఎడమ వైపుకి మార్చాం. కుడి అల్మరాల్లోని బరువైన సామాను తీసి ఎడమ వైపు సర్దాం. ప్రయాణంలో నీళ్ల ట్యాంకు మూడో వంతే నింపాలని, ఆగినచోట నిండా నింపుకోవాలని అనుకున్నాం. మళ్లీ తూచితే వెనక ఎడమ 1,840, కుడి 1,900.

ఇప్పుడు బరువైన వైపు కూడా ఒక్కో టైర్‌కి 950. టేబుల్ ప్రకారం 65 చాలు. నేను 75 పెట్టించాను. ఒకే యాక్సిల్ మీద రెండు వైపులా ఒకే గాలి ఉండాలి, అదీ బరువైన వైపుని బట్టి. ఆ పైన కొంత మిగులు ఉంచాను, ఎందుకంటే రేపు ఇంకో పెట్టె ఎక్కుతుంది, ఎండకో చలికో అయిదు పీఎస్‌ఐ అటూ ఇటూ అవుతుంది. బండి కాస్త గట్టిగా అదురుతుందని ముందే చెప్పాను. రిమ్ మీద రాసి ఉన్న పరిమితి కూడా చూసే పెట్టాను.

పాత నాలుగు టైర్లు

ఇక్కడ మా ఇద్దరికీ కొంత వాదన జరిగింది. ముందు రెండు, ఎడమ వెనక రెండు టైర్లలో ట్రెడ్ ఎనిమిది మిల్లీమీటర్లు ఉంది. 'కొత్తవాటిలా ఉన్నాయి, ఇవెందుకు మార్చాలి?' అన్నారు. సైడ్‌వాల్ మీద కోడ్ చివరి నాలుగు అంకెలు చూపించాను. 3216. అంటే 2016వ సంవత్సరం, 32వ వారం. మేం మాట్లాడుకుంటున్నది 2024లో.

లారీ టైర్ అరిగిపోయి మారుతుంది. మోటార్‌హోమ్ టైర్ అరగకుండానే ముసలిదవుతుంది. రబ్బరులో కలిపే మైనం లాంటి రక్షణ పదార్థాలు టైర్ తిరిగి వంగుతున్నప్పుడే ఉపరితలానికి వచ్చి ఎండ నుంచి, ఓజోన్ నుంచి కాపాడతాయి. నెలల తరబడి కదలని టైర్‌కి ఆ కాపు అందదు. టార్చ్ అడ్డంగా పెట్టి, బొటనవేలితో ట్రెడ్ గాడిని విడదీసి చూపిస్తే అడుగున తల వెంట్రుక మందాన పగుళ్లు వరసగా కనిపించాయి. అయిదేళ్లు దాటాక ఏడాదికోసారి విప్పి పరీక్షించాలి, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసేయాలి అన్నది చాలా టైర్ కంపెనీలు చెప్పే మాట. నేను మోటార్‌హోమ్‌లకి ఏడేళ్ల దగ్గరే ఆగమంటాను. ముందు టైర్ విషయంలో అసలు బేరం ఆడను, అక్కడ జోడు లేదు. నాలుగూ మార్చాం. కొత్తవి కొనేటప్పుడు కూడా ఆ అంకెలు చూసి తీసుకున్నాను, షాపులో ఏళ్లు కూర్చున్న టైర్ కూడా కొత్త పేరుతోనే వస్తుంది.

రబ్బరు వాల్వ్‌లన్నీ తీసి లోహపువి వేశాను, సెన్సర్ బరువు మోయాలంటే అవే ఉండాలి. అలారం 65కి మోగేలా సెట్ చేశాను, వేడి 70 డిగ్రీలు దాటినా మోగేలా. బండి నిలిపి ఉంచే నెలల్లో టైర్లకి ఎండ తగలకుండా కవర్లు వేయమని, మెరుపు కోసం పూసే పెట్రోలియం నూనెలు అసలు వాడొద్దని చెప్పాను.

ఇంకొకటి ఇద్దరికీ నేర్పాను. మొదటిసారి టైర్ పేలినప్పుడు పెద్దాయన బ్రేక్ గట్టిగా తొక్కారు. వెనక జోడు కాబట్టి సరిపోయింది. ముందు టైర్ పేలితే అది బండిని తనవైపు లాగుతుంది, బ్రేక్ తొక్కితే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా బండిని సూటిగా ఉంచాలి. అదుపులోకి వచ్చాకే కాలు కొద్దికొద్దిగా వదలాలి. ఇది వినడం తేలిక, చేయడం కష్టం. ఖాళీ మైదానంలో పక్కన ఆవిడ చప్పట్లు కొట్టగానే కాలు బ్రేక్ మీదికి వెళ్లకుండా ఉండటం పదిసార్లు చేయించాను. మొదటి నాలుగుసార్లు వెళ్లింది.

ఇప్పుడు నా పద్ధతి

టైర్ పేలిందని ఏ మోటార్‌హోమ్ వచ్చినా ఒక్కో చక్రం తూచకుండా పంపడం మానేశాను. యాక్సిల్ చీటీ చూపిస్తే తీసుకుంటాను, కానీ దానితో గాలి అంకె చెప్పను. జోడులో ఒకటి చెడిపోతే రెండోదాన్ని కూడా విప్పుతాను. కారణం ఒకటి దొరికాక, ఆ కారణం లేకపోయినా ఈ టైర్ పేలేదా అని కాగితం మీద రాసుకుని చూస్తాను. ఎడమ కుడి వేడి తేడా రాసుకోమని ప్రతి యజమానికీ చెబుతున్నాను. అలారం కన్నా ముందు మాట్లాడేది అదే.

ఆ తర్వాత

పదహారు నెలలు, సుమారు 14,000 కిలోమీటర్లు గడిచాయి. ఆవిడ నోట్‌బుక్ ఫొటోలు పంపిస్తూ ఉంటారు. ఎడమకీ కుడికీ మధ్య వేడి తేడా నాలుగు డిగ్రీలు దాటలేదు. ఒక్కసారి అలారం మోగింది, ఎడమవైపు లోపలి టైర్, 65. పెద్దాయన అక్కడే పక్కకి ఆపారు. గాలి నింపుకుని సాగలేదు, బండిని మోయించుకుని నా దగ్గరికే తీసుకొచ్చారు. ట్రెడ్ మధ్యలో మేకు. టైర్ విప్పి, ఆయన చూస్తుండగా లోపల చేయి పెట్టి చుట్టూ తడిమాను. నున్నగా ఉంది. నేల మీద ఏ పొడీ రాలలేదు. మేకు తీసి, లోపల నుంచి ప్యాచ్ వేసి, అదే టైర్ మళ్లీ ఎక్కించాను.